బల్బు ఆరితేనే పని

సాకెట్‌లో అగ్గిపుల్లలు కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ప్లగ్గు పెట్టే ఓపిక లేక వైరు కొసలు రెండూ ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా పుల్లలు గుచ్చుతారు. హైదరాబాదులో ఇల్లు కట్టే ప్రతి చోటా, పెళ్లి పందిళ్లలోనూ ఇదే వరస. తార్నాకలో మా వీధి చివర టైల్స్ కోసేవాళ్ల దగ్గర ఆగి, స్విచ్ ఆపి, పుల్లలు పీకి పారేసి, వాళ్లతో తగువు పెట్టుకుని ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లిన రోజులు చాలానే ఉన్నాయి. "నీ ఉద్యోగం క్యాంపస్‌లో కదమ్మా, వీధులు కూడా నీకే రాసిచ్చారా?" అని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. చేయనీ. నా తగువుల్లో చాలావరకు నేను ఓడిపోయినవే. కానీ ఒకటి గెలిచాను. అది చెప్పుకోవాలని ఎన్నాళ్లనుంచో ఉంది.

నేను యూనివర్సిటీ బిల్డింగ్ విభాగంలో ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. మాది కడప వైపు. నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసేవాడు. స్తంభం ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకుని మరీ ఎక్కేవాడు. కింద మనిషి కాపలా ఉన్నా సరే, ఫ్యూజు మాత్రం ఆయన జేబులోనే. తోటివాళ్లు నవ్వితే, "మనిషిని నమ్ముతా, వాడి మతిమరుపును నమ్మను" అనేవాడు. నవ్వినవాళ్లలో ఇద్దరు స్తంభం మీదే పోయారు. నాన్న మాత్రం రిటైరైన రోజు పూలదండ వేయించుకుని, సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాడు. ఆయన మొండితనమే నాకూ వచ్చిందని మా అమ్మ అంటుంటుంది. ఆ మాట నాకు బిరుదులాంటిది.

కొన్నేళ్ల కిందట క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టలుకు కొత్త బ్లాకు మొదలైంది. బిల్డింగ్‌కు సొంత కరెంటు వచ్చేది అంతా పూర్తయ్యాకే. అప్పటిదాకా పక్కనున్న పాత బ్లాకు నుంచి తాత్కాలికంగా ఒక లైను లాక్కున్నారు. ఆ లైను చివర ఒక చెక్క బోర్డు, దాన్ని ఒక వెదురు బొంగుకు తాడుతో కట్టారు. దాని నుంచి నాలుగు వైపులకూ వైర్లు నేల మీదే పాకుతూ, నీళ్లలోంచీ ఇసుకలోంచీ పోయేవి. అతుకులకు టేపు కూడా లేదు, పాలిథిన్ కవర్లు చుట్టారు. చూసి నాలుగు చీవాట్లు పెట్టి వచ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కాంట్రాక్టరు తరఫున అక్కడ ఇద్దరు ముఖ్యులు. ఒకతను సూపర్‌వైజరు, పని తొందర తప్ప ఇంకోటి పట్టనివాడు. రెండో అతను సైటు ఎలక్ట్రీషియన్, నలభై ఏళ్ల మనిషి, మౌలాలి నుంచి బండి మీద వచ్చేవాడు. పని తెలిసినవాడే, కాదనను. తెలిసినవాడినన్న ధీమాయే ఎక్కువ. కరెంటు ఉందో లేదో చూడ్డానికి టెస్టరు తీసేవాడు కాదు, వేలి వెనక భాగంతో తాకి చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నానని గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

ఇక మూడో మనిషి క్యూరింగ్ అక్క. కట్టిన గోడలకు, పోసిన పిల్లర్లకు పొద్దున్నా సాయంత్రం పైపుతో నీళ్లు కొట్టడమే ఆమె పని. పాలమూరు వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. గోల్నాకలో ఒక గదిలో ఉంటూ రోజూ బస్సులో వచ్చేది. సైటులో అందరికంటే ముందొచ్చేది ఆమే. తలకు తువ్వాలు చుట్టుకుని, చీర పైకి దోపి, ఒట్టి కాళ్లతో నీళ్లలో తిరుగుతూ ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు.

ఒకరోజు నేను తనిఖీకి వెళ్తే ఆమే దగ్గరకొచ్చింది.

"మేడం, మోటరు కాడ పైపు వట్టుకుంటే చెయ్యి జుమ్ముమంటున్నది. నాల్గు దినాల సంది చెప్తున్న, ఎవలు ఇంటలేరు."

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "నరాల బలహీనం అక్కా అది. దవాఖానకు వో, సూదేస్తరు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. కాకికేం తెలుసు ఎద్దుపుండు నొప్పి. నేను టెస్టరు తీసి నీళ్ల మోటారు ఒంటికి ఆనించాను. బల్బు ఎర్రగా వెలిగింది. ఎర్త్ వైరు ఎప్పుడో ఊడి, మట్టిలో పడి ఉంది. నాలుగు రోజులుగా ఆ మనిషి తడి కాళ్లతో ఆ మోటారు పక్కనే నిలబడి పని చేస్తోంది. నాకు కోపం కంటే ముందు భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలోనే సైటుకు కరెంటు ఆపేసి, కొత్త బోర్డు పెట్టేదాకా ఇవ్వనని చెప్పి వచ్చాను.

మూడో రోజుకు బోర్డు వచ్చింది. తలుపూ తాళం ఉన్న ఇనుప పెట్టె, సరైన ప్లగ్గులు పట్టే సాకెట్లు, నేలలో కొత్తగా తవ్విన ఎర్త్ గుంత. అన్నిటికంటే ముఖ్యం, లోపల ట్రిప్ స్విచ్. మామూలు ఫ్యూజు పోవాలంటే చాలా కరెంటు కావాలి. మనిషి పోవడానికి అంత అక్కర్లేదు, చిటికెడు చాలు. ఆ చిటికెడు కరెంటు దారి తప్పి ఎవరి ఒంట్లోంచో నేలలోకి జారితే, ఈ ట్రిప్ స్విచ్ రెప్పపాటులో పడిపోయి సరఫరా తెంచేస్తుంది. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి దాని మీదే చిన్న బటన్ ఉంటుంది. నేను పెట్టె పైన ఒక బల్బు కూడా పెట్టించాను, కరెంటు ఉన్నంతసేపూ వెలిగేలా.

రోజూ పొద్దున బటన్ నొక్కి చూడాలని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. "అయితది మేడం" అన్నాడు. వారం తర్వాత అడిగితే మళ్లీ అదే మాట. ఒక్కరోజు కూడా నొక్కలేదని అతని మొహమే చెప్పింది. అప్పుడు నాకు అందరికంటే ముందొచ్చే మనిషి గుర్తొచ్చింది.

ఆమెను పెట్టె దగ్గరకు పిలిచి చూపించాను. "ఇది నొక్కు. టక్కుమనాల. పైన బల్బు ఆరిపోవాల. రెండూ కావాల, ఒక్కటయితే చాలదు. ఆరినాక ఈ స్విచ్ మళ్లా పైకి ఎత్తితే బల్బు వెలుగుతాది. అప్పుడే ఎవురైనా పని మొదలుపెట్టేది."

ఆమె కాసేపు పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూసింది. "నాకు సదువు రాదు మేడం" అంది.

"దీనికి చదువేం అక్కర్లేదులే. చెవులుండాయి, కండ్లుండాయి."

చేతులు చీరకు తుడుచుకుని, బటన్ నొక్కింది. టక్కుమని బల్బు ఆరింది. ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి. నా ఫోన్ నంబరు కూడా ఆమె ఫోనులో వేసి, ఏ తేడా ఉన్నా చేయమన్నాను. ఎలక్ట్రీషియన్ దూరం నుంచి చూస్తూ మూతి తిప్పుకున్నాడు. తాళం చెవి అతని దగ్గరే ఉండేది, పొద్దున తలుపు తీయడం అతని వంతు, నొక్కడం ఆమె వంతు అయ్యాయి.

కానీ ట్రిప్ స్విచ్ వచ్చాక సైటులో గొణుగుడు మొదలైంది. ఎక్కడ అతుకు తడిసినా పడిపోతుంది మరి. అతుకు బాగుచేసుకోవాలని ఎవరికీ తోచదు, పెట్టెనే తిడతారు. "గీ డబ్బా మంచిది కాదు మేడం, ఊకె వడుతున్నది" అనేవాడు సూపర్‌వైజరు. పడటమే దాని మంచితనమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

మొదటి అంతస్తు స్లాబు రోజు వచ్చింది. స్లాబంటే మన దగ్గర చిన్న పెళ్లే. మేస్త్రీలు పొద్దున్నే స్నానాలు చేసి వస్తారు. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటరుకూ మోటారుకూ పసుపు కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు, మధ్యాహ్నం అందరికీ బగారా అన్నం, కోడికూర. ఏడున్నరకు కలిపిన కాంక్రీటుతో రెడీమిక్స్ లారీలు రావాలి. నేను తార్నాక చౌరస్తాలో బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటున్నాను. రెండో ఇడ్లీ తుంచుతుంటే ఫోన్ మోగింది.

"మేడం, టక్కుమన్నది గని బల్బు ఆర్తలేదు."

నేను ప్లేటు అక్కడే పెట్టేశాను. టక్కుమని కూడా బల్బు ఆరలేదంటే దానికి ఒకటే అర్థం. ట్రిప్ స్విచ్‌ను దాటించి ఎవడో వైరు కలిపాడు. స్విచ్ పడిపోయినా కరెంటు ఆ దొంగదారిన పోతూనే ఉంటుంది. ఆ పూట స్లాబు కోసం రాడ్లతో అల్లిన ఇనుప జాలీ మీద నలభై మంది నిలబడబోతున్నారు, సగం మంది చెప్పుల్లేకుండా, తడి కాంక్రీటులో.

"నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టనీయొద్దు" అన్నాను.

"ముట్టనియ్య" అంది.

ఆటో ఎక్కి క్యాంపస్ లోపలికి వెళ్లేసరికి మొదటి లారీ వచ్చి నిలబడింది, దాని డ్రమ్ము తిరుగుతోంది. ఆమె పెట్టెకు వీపు ఆనించకుండా, దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా సూపర్‌వైజరు చేతులూపుతూ అరుస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

"లేవమంటే లేస్తలేదు మేడం. లారీలు నిలవడ్డయి" అన్నాడు సూపర్‌వైజరు.

"నువ్వు ముట్టనియ్యొద్దన్నవని లేవలే మేడం. గీ సారు నన్ను పనికెళ్లి తీసేస్తనంటున్నడు" అందామె, కూర్చున్నచోటే ఉండి.

పాత బ్లాకు దగ్గరకు పోయి మెయిన్ ఆపేసి వచ్చాను. పెట్టె విప్పితే వెనక దాచినట్టు ఎర్ర వైరు ముక్క, స్విచ్ ఇటు నుంచి అటు కలిపి ఉంది.

ఎలక్ట్రీషియన్ నీళ్లు నమిలాడు. "నిన్న పొద్దుమీకి పెట్టిన మేడం. రాడ్ కటింగ్ ఆగుతుండె. ఇయ్యాల తీద్దామనుకున్న, యాదికి లేదు."

యాదికి లేదట. నాన్న నమ్మనిది సరిగ్గా దాన్నే. ఆ వైరు ముక్కను ఊడదీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. మెయిన్ వేసి, సాకెట్లన్నీ ఆపి ఉంచి, ట్రిప్ స్విచ్ ఎత్తాను. నిలిచింది. మోటారు సాకెట్ వేశాను, నిలిచింది. వైబ్రేటరు సాకెట్ వేయగానే టక్కున పడింది. బల్బు ఆరింది.

"కొబ్బరినీళ్లు వడ్డయి మేడం ప్లగ్గు మీద. ఇందాకనే కాయ కొట్టిండ్రు. అది ఎండితే అయిపాయె" అన్నాడు సూపర్‌వైజరు. ఒక మేస్త్రీ అయితే, కొబ్బరికాయ కొట్టగానే కరెంటు పోవడం మంచి శకునం కాదని ఇంకో కాయ తెప్పించే ప్రయత్నంలో ఉన్నాడు. సరే, వాళ్ల మాట ఎందుకు కాదనాలని ప్లగ్గు ఊడదీసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంకో సాకెట్‌లో పెట్టి వేశాను. మళ్లీ పడింది. తప్పు కొబ్బరికాయది కాదని అప్పటికి అందరికీ తెలిసింది.

అంతలో మా పై ఆఫీసరు ఫోన్ చేశాడు. సూపర్‌వైజరు ముందే చాడీలు మోసినట్టున్నాడు.

"ఏమ్మా, మూడు లారీలు ఆగాయంట. కాంక్రీటు గట్టిపడితే బాధ్యత ఎవరిది? ఒక్క పూట పనికి ఆ ట్రిప్ స్విచ్ దాటించి డైరెక్ట్ ఇచ్చెయ్, నేను చూసుకుంటా."

నాకు తిక్క రేగింది. "సార్, మీరు వచ్చి ఆ ఇనుము మీద చెప్పులు విప్పి నిలబడండి. మీరు నిలబడినంతసేపూ డైరెక్ట్ ఇస్తా" అన్నాను. "వస్తున్నా" అని పెట్టేశాడు. ఉద్యోగం పోయే మాటలు నోట్లోంచి వెళ్లాక కదా భయం వేసేది.

"అందరూ జాలీ మీంచి దిగండి" అని కేకేసి, వైబ్రేటరు ప్లగ్గు పీకి చేత్తో పట్టుకున్నాను. ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి, "పద. నీ వైరు నువ్వే చూడు" అన్నాను.

అతను పైకెక్కాడు. కాళ్లకు తగులుతోందని ఎవరో వైరును ఇనుప జాలీ కిందికి తోశారు. అతను వంగి, వేళ్ల మధ్య వైరు పట్టుకుని, అడుగు అడుగూ తడుముకుంటూ పోయాడు. మధ్యలో ఆగాడు. అక్కడే కూర్చున్నాడు.

"మేడం. గీడ."

రాడ్లను కట్టే సన్న తీగ కొస ఒకటి రబ్బరును చీల్చుకుని లోపలి రాగిదాకా దిగింది. మీద ఎవరో కాలు వేసి తొక్కినట్టున్నారు. ఆ ఎర్ర వైరు ముక్క ఉండి ఉంటే ట్రిప్ స్విచ్ పడేది కాదు, ఫ్యూజూ పోయేది కాకపోవచ్చు. ఒక్క స్విచ్ వేస్తే ఆ జాలీ మొత్తం కరెంటు పాకి ఉండేది.

అతను లేవలేదు. "మా తమ్ముడు నిలవడ్డది గీడనే మేడం. వైబ్రేటర్ వట్టేది గూడ వాడే" అన్నాడు. కింద, దిగి నిలబడ్డవాళ్లలో, నెత్తికి రుమాలు కట్టుకున్న ఒక మనిషి పైకి చూస్తూ, "ఏందన్నా, ఏమైంది?" అని అడుగుతున్నాడు.

ఆ క్షణం అతన్ని తిట్టాలని ఎన్ని మాటలు దాచుకున్నానో అన్నీ ఆవిరయ్యాయి. తిట్టవలసింది ఇక ఏమీ మిగల్లేదు.

అతుకు లేని కొత్త కేబులు తెప్పించాడు. ఎవరూ చెప్పకుండానే ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి, కర్రలకు కట్టి, కేబులును మనిషి ఎత్తున గాలిలోంచి తీసుకెళ్లాడు. అరగంట పట్టింది. లారీ డ్రైవర్లు హారన్లు కొడుతూనే ఉన్నారు, కొట్టుకోనిచ్చాం. అప్పుడే మా ఆఫీసరు కారు దిగాడు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర వైరు ముక్క తీసి ఆయన ఒక చేతిలో, చిరిగిన కేబులు ఇంకో చేతిలో పెట్టాను. రెండూ తిప్పి చూశాడు. జాలీ వైపు చూశాడు. సూపర్‌వైజరును పిలిచి, "మేడం చెప్పినట్టే చేయండి. ఆ అమ్మను పనిలోంచి తీసేస్తామన్నది ఎవరు?" అని అడిగాడు. సూపర్‌వైజరుకు ఉన్నట్టుండి లారీల దగ్గర పని పడింది.

ఆమె లేచి వచ్చింది. నలభై మందీ చూస్తున్నారు. బటన్ నొక్కింది, టక్కుమంది, బల్బు ఆరింది. స్విచ్ ఎత్తింది, బల్బు వెలిగింది. వైబ్రేటరు సాకెట్ వేశాం, నిలిచింది. వైబ్రేటరు గుర్రుమనగానే ఎవరో ఈల వేశారు, నేనూ వేసి ఉండేదాన్నే, చేతకాక ఊరుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి స్లాబు అయిపోయింది. చుక్క అటూ ఇటూ లేకుండా, నున్నగా. ఒక్కసారి కూడా ట్రిప్ పడలేదు. ఆలస్యంగా వడ్డించిన బగారా అన్నం నేను వాళ్ల వరసలోనే కూర్చుని తిన్నాను. పొద్దున వదిలేసిన ఇడ్లీ ఆకలంతా అప్పుడు తీరింది. తిన్నాక ఎలక్ట్రీషియన్ చేయి కడుక్కుని నా దగ్గరకొచ్చి, పెట్టె తాళం చెవి తీసి ఇచ్చాడు.

"ఇది నా తాన ఉండొద్దు మేడం. అక్కకియ్యున్రి."

నేను అతన్నే ఇవ్వమన్నాను. అందరి ముందూ వెళ్లి ఇచ్చాడు. ఆమె ఏమీ అనకుండా తీసుకుని, కొంగుకు ముడి వేసుకుంది. నాన్న జేబులో ఫ్యూజు నాకు గుర్తొచ్చింది.

హాస్టలు పూర్తయింది. ప్రారంభోత్సవం రోజు వేదిక మీద చాలామందికి శాలువాలు కప్పారు. మాలో ఎవరికీ కప్పలేదు, మాకు ఆ ధ్యాసా లేదు. నా శాలువా మరుసటి ఏడు వచ్చింది.

క్యాంపస్‌లో ఇంకో మూల కొత్తగా రీడింగ్ హాలు మొదలుపెట్టారు. కాంట్రాక్టరు వేరు. ఎలక్ట్రీషియన్ మాత్రం మా మౌలాలి అతనే, క్యూరింగ్ అక్కను కూడా తనే అడిగి పనిలో పెట్టించుకున్నాడట. మొదటిరోజు పొద్దున తగువు పెట్టుకోవడానికి సిద్ధపడి వెళ్లాను. ఏ బోర్డు పెట్టారో, ఎన్ని అగ్గిపుల్లలు పీకాలో అనుకుంటూ నడిచాను. తీరా చూస్తే ఇనుప పెట్టె, ఎర్త్ గుంత, పైన బల్బు, అన్నీ ఉన్నాయి. కేబుళ్లు కర్రల మీద ఉన్నాయి. ఇరవై మంది మిషన్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి ప్లగ్గు వారి చేతుల్లో ఉంది, ఒక్కటీ సాకెట్‌లో లేదు.

కొత్త సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ, "కరెంటు ఉన్నది గదా, షురూ చెయ్యరేంది?" అని అరుస్తున్నాడు.

మా ఎలక్ట్రీషియన్ నింపాదిగా అన్నాడు. "అక్క రానియ్యి సార్. గోల్నాక బస్సు లేటైనట్టున్నది."

నేను చెట్టు నీడన ఆగిపోయాను. నాకక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. పది నిమిషాలకు తలకు తువ్వాలు చుట్టుకుంటూ ఆమె వచ్చింది. ఎవరినీ పలకరించకుండా నేరుగా పెట్టె దగ్గరకు వెళ్లి, కొంగు ముడి విప్పి తాళం తీసింది. బటన్ నొక్కింది. బల్బు ఆరింది. ఆరిన బల్బు వైపు ఒక్క క్షణం చూసి, స్విచ్ పైకెత్తి, వెనక్కి తిరిగింది.

"ఇగ పెట్టుకోన్రి" అంది.

ఇరవై ప్లగ్గులూ ఒక్కసారే సాకెట్లలోకి వెళ్లాయి.